ఉతికి కొన్న మోటారు సైకిలు

బెజవాడ శివాలయం వీధిలో ఆదిశేషయ్యగారి బట్టల కొట్టుకి గుర్తు బోర్డు కాదు, నీళ్ళ చెంబు. గద్దె మీద ఆయన, ఆయన కుడిచేతి పక్కన ఇత్తడి చెంబు. చీరల మూటతో ఏ నేతగాడు గుమ్మం ఎక్కినా ఆయన ముందుగా కుశలం అడగడు. మూట విప్పించి, చీర కొసని చెంబులో ముంచి, బొటనవేలితో నలుపుతాడు. గంజి వదిలిపోగా మిగిలిందే గుడ్డ అని ఆయన సిద్ధాంతం. గంజి దట్టంగా పట్టించిన చీర నిటారుగా నిలబడుతుంది, చేతికి బరువుగా తగులుతుంది, ఒక్క ఉతుకుతో దోమతెర అయిపోతుంది. ఈ సంగతి మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. కాని తెలిసినవాళ్ళంతా ఆ తెలివిని బట్టల దగ్గర ఆపుకున్నారు. ఆదిశేషయ్య ఆపుకోలేదు.

దానికి మైలవరం సంతలో ఒక గేదె కారణం. గేదె నల్లగా నిగనిగలాడుతుంటే ఆయనకి అనుమానం వచ్చి, చెరువులోకి దింపి గడ్డితో తోమించాడు. నలుపు కాస్తా నీళ్ళలో కలిసిపోయి, లోపల్నించి బూడిదరంగు ముసలి గేదె ఒకటి బయటికొచ్చింది. అమ్మేవాడు ఆముదంలో మసి కలిపి పట్టించాడట. ఆ గేదె ఆయన్ని మోసం చేసి ఉంటే ఓ రెండేళ్ళు బాధపడి మరిచిపోయేవాడు. మోసం చెయ్యలేకపోవడంతో జీవితమంతా పాడుచేసింది. లోకంలో ఏ వస్తువు నిజమైనా తడిపితేగాని బయటపడదని ఆయనకి స్థిరపడిపోయింది. గొడుగు తడిపి కొన్నాడు, సరే. గోడగడియారం కూడా తడిపి కొన్నాడు. అది ఇప్పటికీ ఆయన కొట్లోనే ఉంది. రంగు చెక్కుచెదరలేదు. టైము మాత్రం పక్క కొట్టువాణ్ణి అడిగి తెలుసుకుంటాడు.

ఇలాంటి మనిషికి మోటారు సైకిలు కావలసి వచ్చింది తోడల్లుడి వల్ల. భార్య హనుమాయమ్మ చెల్లెల్ని చేసుకున్న వెంకటకృష్ణారావుకి గుడివాడలో బట్టల వ్యాపారం. ఇద్దరికీ అత్తవారిల్లు చల్లపల్లి. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. యుద్ధం ఆగి ఏడాది దాటినా ఆ కబురు మా వైపు బస్సులకి ఇంకా అందలేదు. అత్తవారింట్లో ఏదో శుభకార్యమైతే ఆదిశేషయ్య బొగ్గుబస్సులోనే బయల్దేరాడు. ఉయ్యూరు దాటాక బస్సు ఆయాసపడి ఆగింది. మగవాళ్ళంతా దిగి తోశారు. ముక్కుకి మసి, పట్టుపంచెకి బురద అంటించుకుని ఆయన పందిట్లో అడుగుపెట్టేసరికి, వెంకటకృష్ణారావు అద్దెకారులో వచ్చి, స్నానం చేసి, గంధం పూసుకుని, వాలుకుర్చీలో సుఖంగా ఉన్నాడు.

"రండన్నగారూ, రండి," అన్నాడు నలుగురూ వినేట్టు. "ఇంతకీ టిక్కెట్టు డబ్బులు మీరు బస్సువాడికిచ్చారా, బస్సువాడు మీకిచ్చాడా?"

పందిరంతా నవ్వింది. అత్తగారు చౌడేశ్వరమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంగు చిన్నది, నవ్వు పెద్దది.

అందుకని, మాఘమాసంలో బావమరిది కొత్త పెంకుటింటి గృహప్రవేశానికి శుభలేఖ రాగానే ఆదిశేషయ్య, తెచ్చిన మనిషితోనే జవాబు పంపాడు: "సొంత మోటారు సైకిలు మీద వస్తున్నాను. గుమ్మం ముందు చోటు ఉంచండి."

లోపల్నించి వింటున్న హనుమాయమ్మ ఇవతలికి వచ్చింది.

"మనకి మోటారు సైకిలు ఎక్కడిదండీ?"

"కొంటాను."

"కొని?"

"ఎక్కుతాను."

"మీకు మామూలు సైకిలే రాదుగా."

"మామూలు సైకిలైతే తొక్కాలే, పిచ్చిదానా. మోటారుదానికి ఆ బాధ లేదు. అదే పోతుంది."

"అదే పోయేటట్టయితే దాన్నే పంపించండి. మీరు బస్సులో రండి."

ఆవిడ మరీ పొడిగించలేదు. పిండివంటలకి సాయం చెయ్యాలని ముందుగానే పడవలో పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "మీరు దేని మీద వచ్చినా సరేగాని, ముఖం కడుక్కుని రండి" అంది.

ఈ లోపల కబురు చల్లపల్లి నుంచి గుడివాడ చేరింది. "గృహప్రవేశం ఎలాగూ చూస్తాం. నేను మా అన్నగారి మోటారు సైకిలు చూడ్డానికి వస్తున్నాను" అని వెంకటకృష్ణారావు కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. ఇక మోటారు సైకిలు లేకుండా వెళ్తే అత్తవారి వీధిలో ఆదిశేషయ్య ముఖానికి ఆ జన్మకి విలువ లేదు. బండి దొరకదు. రోజులు దగ్గరపడుతున్నాయి. తీరా గృహప్రవేశం ఎల్లుండి అనగా గుమాస్తా వీరభద్రయ్య పరిగెత్తుకొచ్చి, గుణదలలో ఒక బండి అమ్మకానికుందని చెప్పాడు.

బండి బాలశౌరిది. యుద్ధంలో మిలిటరీ మోటార్లు బాగుచేసిన మనిషి. తిరిగి వస్తూ వేలంలో ఓ పాత మోటారు సైకిలు కొనుక్కున్నాడు. ఖాకీరంగు గీకేసి నల్లరంగు వేశాడు, నలుపు మీద బంగారు గీతలు దిద్దాడు. అక్కడితో ఆగితే మనిషే. ఆగలేదు. ముందు లారీ హారను పెట్టాడు. ఉన్న దీపానికి తోడు ఇంకో రెండు దీపాలు తగిలించాడు. మూడూ ఒకేసారి వేస్తే మూడూ మిణుగురుపురుగులే, అయినా మూడు. వెనక సీటుకి రైలు మొదటి తరగతి పెట్టెలో ఉండే స్ప్రింగులు వేశాడు. అవి ఎక్కడివని ఎవరైనా అడిగితే మాట మార్చేవాడు. రెండు పక్కలా తోలుసంచులు, పొగగొట్టం చివర చేపతోకలాంటి తళతళలాడే కొస. ఎదురుగాలికి అద్దం, అద్దం మూల మేరీమాత పటం. వేగం చూపించే ముల్లు ఏదో పెద్ద లారీది. బండి గోడకి ఆనుకుని నిద్రపోతున్నా అది ఇరవై మైళ్ళ మీదే ఉండేది.

వాన అంటే ఏమిటో ఆ బండి ఎరగదు. మబ్బు పడితే బాలశౌరి దాన్ని ఇంట్లో పెట్టేవాడు. ఇల్లంటే ఒకటే గది. బండి లోపలికొస్తే అతని భార్య తెరేసమ్మ వసారాలోకి నడిచేది. వసారా తాటాకు కప్పు కారేది. ఓ వానలో ఆవిడ కొంగు పిండుకుంటూ, "ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అందట. బాలశౌరి, "ఆలోచించుకుని చెప్తాను" అన్నాడట. ఆ జవాబు విన్నాక ఆవిడే బండి అమ్మకానికుందని గుణదల అంతా చాటింది.

ఆదిశేషయ్య, వీరభద్రయ్య వెళ్ళేసరికి బాలశౌరి నూనెగుడ్డతో బండి తుడుస్తున్నాడు. లేచి నమస్కారం పెట్టి, పిల్లనిచ్చే మామగారిలా పరీక్ష మొదలుపెట్టాడు.

"షావుకారుగారూ, మీ ఇంట్లో దీన్ని ఎక్కడుంచుతారండీ?"

"వాకిట్లో."

"ఎండ తగులుతుందా?"

"వాకిలన్నాక తగలదా?"

"అమ్మో. పోనీ, పిల్లలు గాని జంతికలు తిన్న చేతుల్తో ముట్టుకుంటారా?"

"కొనేది నేనా, నువ్వా?" అన్నాడు ఆదిశేషయ్య. అని, బండి పొట్టమీద చెయ్యివేసి, పట్టు చూసినట్టు బొటనవేలితో రాశాడు. "నిగనిగలాడుతోంది."

"అవునండీ," అన్నాడు బాలశౌరి, పొంగిపోతూ.

"మరీ నిగనిగలాడుతోంది," అన్నాడు ఆదిశేషయ్య, గుమాస్తా వైపు చూస్తూ. వీరభద్రయ్య తల పంకించాడు. మైలవరం సంతలో గేదెని తోమింది అతనే.

బాలశౌరి ఓ ధర చెప్పాడు. ఇక బేరం. "చూడు బాలశౌరీ, ఈ దీపాలూ, ఈ సంచులూ, ఈ తోకా ఇవన్నీ అంచూ కొంగూ కిందికొస్తాయి. నాక్కావలసింది గుడ్డ. అంచు తీసేసి ధర చెప్పు."

"అంచేమిటండీ! ఆ హారను కోసం మద్రాసు దాకా వెళ్ళాను నేను."

"నేను వెళ్ళమన్నానా?"

"అవి తీస్తే నేను బండే అమ్మను."

తలుపు చాటునుంచి తెరేసమ్మ అందుకుంది. "వాటికేం వద్దండి షావుకారుగారూ. బండితోపాటు ఊరికే పట్టుకుపోండి."

"నువ్వు లోపలికి పో," అన్నాడు బాలశౌరి.

"లోపల చోటేదీ? నీ తోలుసంచులకి నూనె రాసి మంచమంతా పరిచావుగా నిన్న. ఆ మరకలింకా ఆరలేదు."

ఆవిడ మర్యాదకి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆదిశేషయ్య, "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అన్నాడు. పొద్దుటినుంచి ఆయన నాలుక తడవలేదని వీరభద్రయ్యకి తెలుసు. క్రైస్తవుల ఇంట నీళ్ళు తాగితే ఏమవుతుందన్న ఒక్క సంగతి మాత్రం ఆయన ఎన్నడూ తడిపి చూడలేదు. గొంతు సవరించుకుని, "అమ్మా, రెండు బిందెల నీళ్ళుంటే ఇలా తెప్పిస్తావా? నాక్కాదు, బండికి" అన్నాడు.

"బండికి నీళ్ళెందుకండీ?" అన్నాడు బాలశౌరి.

"ఓసారి ఉతికి చూస్తాను."

బాలశౌరి చేతిలో నూనెగుడ్డ కిందపడింది. "ఉతుకుతారా! షావుకారుగారూ, నేను దీన్ని తడిగుడ్డతో కూడా ముట్టుకోను. ఇంజనులో నిప్పురవ్వ పుట్టాలండీ. తడిస్తే ఎలా పుడుతుంది?"

"చూశావా వీరభద్రయ్యా, తడపనివ్వడట."

"గంజేనండి," అన్నాడు వీరభద్రయ్య.

"గంజేమిటి? ఎక్కి చూడండి, తెలుస్తుంది. ఏలూరు రోడ్డు మీద తిప్పి తీసుకొస్తాను," అని బాలశౌరి లోపలికి వెళ్ళాడు. ఖాకీ దుస్తులు, మోకాళ్ళ దాకా బూట్లు, కళ్ళకి నల్లద్దాలు లేకుండా అతను ఆ బండిని వీధి మలుపు కూడా దాటించడు. ఆ బూట్ల తాళ్ళు బిగించడమే ఓ సంస్కారం.

ఆదిశేషయ్య కన్ను గీటాడు. వీరభద్రయ్య హాండిలు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బండిని నెమ్మదిగా గుమ్మం దాటించి ఏలూరు కాలవ వైపు తోశారు. తెరేసమ్మ చూసింది. చూసి, వెనక్కి తిరిగి, మొగుడు బట్టలు మార్చుకుంటున్న గది తలుపు దగ్గరగా వేసింది.

పట్టుచీరలు చూడ్డానికి వెళ్ళేప్పుడు వాళ్ళ సంచిలో కుంకుడుకాయ రసం సీసా ఉంటుంది. ఆవేళా ఉంది. బండిని రేవులో నీళ్ళ అంచుకి దింపి, రసం పోసి, కొబ్బరిపీచుతో రుద్దారు. చెంబులు చెంబులుగా పైనుంచి కుమ్మరించారు. పైరంగు ఒక తీరు, లోపలిరంగు ఒక తీరు ఉంటుందేమోనని వీరభద్రయ్య, చేతికందిన మూతలన్నీ విప్పి అక్కడ కూడా ధారాళంగా పోశాడు.

రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు పని మానేసి చూస్తున్నారు.

"అయ్యగారూ, నీలిమందు పెట్టమంటారా?" అంది ఒకావిడ.

"బండకేసి రెండు బాదులు బాదితేగాని మురికి వదలదులే అక్కా," అంది ఇంకొకావిడ.

ఆదిశేషయ్య వినే స్థితిలో లేడు. రుద్దిన పీచు చూశాడు. నురుగు తెల్లగా ఉంది. కిందికి కారిన నీళ్ళు అరచేతిలో పట్టి చూశాడు. చుక్క నలుపు లేదు. బంగారు గీతలు ఇంకా బంగారంగానే ఉన్నాయి. "అసలు సరుకురా వీరభద్రయ్యా!" అని కేకపెట్టాడు. మోటారు సైకిలు నడవకుండా చేసి, అది మంచిదని తేల్చుకున్న మనిషి కృష్ణాజిల్లాలో అంతకుముందు లేడు.

బండి తోసుకుంటూ వెనక్కి వచ్చి, గుమ్మంలోనే డబ్బు తీసి తెరేసమ్మ చేతిలో పెట్టాడు. "బేరం లేదమ్మా. అడిగినంతా ఇదిగో." ఆయన జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు. ఆవిడ ఇంకా ఆయన చెయ్యి వెనక్కి పోకుండానే డబ్బు కొంగున ముడేసి, ముడి బొడ్లో దోపుకుంది.

అప్పుడొచ్చాడు బాలశౌరి, బూట్లు టకటకలాడిస్తూ. నల్లద్దాలు పైకెత్తి చూశాడు. బండి నిండా నీటిబొట్లు. మేరీమాత పటం మీద కుంకుడు నురుగు. వెళ్ళి కిక్కు కొట్టాడు. బండి ఒకసారి తుమ్మింది. ఇంకోసారి కొట్టాడు. ఆ తుమ్ము కూడా లేదు.

"చంపేశారండీ," అన్నాడు. "మీ డబ్బు మీకిచ్చేస్తాను. నా బండి నాకిచ్చెయ్యండి."

ఇంకో రోజైతే ఆదిశేషయ్య ఆ మాటకి గెంతేవాడు. కాని ఎల్లుండి పందిరి, ఆ పందిట్లో వాలుకుర్చీ కళ్ళముందు కదిలాయి. "డబ్బొద్దు. ఎల్లుండి పొద్దున్నకి ఇది చల్లపల్లిలో నడవాలి."

"నడవదు. ఒకవేళ నడిచినా ఎవరు నడుపుతారు? మీరా?"

ఆదిశేషయ్య వీరభద్రయ్య వైపు చూశాడు. వీరభద్రయ్య కాలవ వైపు చూశాడు.

"నువ్వే రావాలి బాలశౌరీ."

"నా బండిని ఉతికినవాళ్ళ వెంట నేను రాను."

"వెళ్ళు," అంది తెరేసమ్మ. "రెండు రోజులు మంచం మీద పడుకుంటాను."

రానని బాలశౌరి ఇంకోసారి కూడా అన్నాడు. కాని అప్పటికే ఖాకీ చొక్కా విప్పి దానితో బండి తుడుస్తున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చే వేళకి ముగ్గురూ బండిని బెజవాడ నడిబజార్లో తోసుకుంటూ పడవల రేవుకి చేరారు. దారిలో అడిగినవాళ్ళందరికీ ఆదిశేషయ్య, "కొత్తది కదా, ఇప్పుడే కష్టపెట్టకూడదని" అని చెప్పాడు. పడవలో మర్నాడంతా బాలశౌరి బండి భాగాలు విప్పి, కొత్త పంచె మీద ఎండబెట్టి, ఒక్కొక్కటే నోటితో ఊదాడు. ఆ పంచె ఆదిశేషయ్య గృహప్రవేశంలో కట్టుకోవాలనుకున్నది. అప్పడాలు ఆరబెట్టారేమోనని తోటి ప్రయాణికుడొకడు వచ్చి చూసిపోయాడు.

గృహప్రవేశం నాటి పొద్దున చల్లపల్లి దగ్గర రేవులో దిగారు. బాలశౌరి మేరీమాత పటానికి దణ్ణం పెట్టి కిక్కు కొట్టాడు. బండి దగ్గి, నల్లటి పొగ వదిలి, ఊపిరి పీల్చుకుంది. ఆదిశేషయ్య వెనక సీటెక్కి కళ్ళు మూసుకున్నాడు. మొదటి తరగతి స్ప్రింగుల సంగతి అప్పుడు తెలిసింది. ప్రతి గతుకుకీ ఆయన గాలిలోకి లేచేవాడు. బండి ముందుకి పోయేది, ఆయన వెనకనుంచి వచ్చి సీటు అందుకునేవాడు. వీరభద్రయ్య సంచితో నడిచి వస్తానని తనంతట తనే కోరుకున్నాడు.

లారీ హారను మోగిస్తూ బండి పందిరి ముందు ఆగేసరికి మంత్రాలు చదువుతున్న పురోహితుడితో సహా అందరూ బయటికొచ్చారు. ముందు ఖాకీలో, బూట్లతో, నల్లద్దాలతో బాలశౌరి. అతని వీపు వెనక జుట్టు చెదిరి, కండువా మెడకి చుట్టుకుపోయి ఆదిశేషయ్య. ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడనుకుని బావమరిది పరిగెత్తుకొచ్చి, బాలశౌరిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాలుకుర్చీలో కూచోబెట్టాడు. చౌడేశ్వరమ్మ వెండిగ్లాసుతో పానకం ఇచ్చింది. బాలశౌరి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తన దీపాల గురించి, తన హారను గురించి, దాని కోసం మద్రాసులో తను తిరిగిన వీధుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బండి అమ్మేశానన్న సంగతి ఆ పానకంలో కరిగిపోయింది.

వెంకటకృష్ణారావు తాపీగా ఆదిశేషయ్య దగ్గరికొచ్చాడు. "అయ్యో అన్నగారూ, దారిలో నడిచి వస్తుంటే ఆ దొరగారు చూసి ఎక్కించుకున్నారా? మంచివాడు పాపం."

"ఆ బండి నాది!"

"మీదేనండీ, ఎవరు కాదన్నారు? మరి ఆయన?"

"డ్రైవరు."

"డ్రైవరుకి పానకమూ, షావుకారుకి పొగా! బాగుంది. మీదైతే ఓసారి ఎక్కి తోలి చూపించండన్నగారూ, కళ్ళారా చూసి పోతాం."

చుట్టూ జనం. గడపలో హనుమాయమ్మ నిలబడి ఉంది. ఆమె ఒక్కతే నవ్వడం లేదు. ఆ నవ్వకపోవడం చూసి ఆదిశేషయ్యకి ఎక్కడలేని భయమూ వేసింది, ఎక్కడలేని పౌరుషమూ వచ్చింది. బాలశౌరిని పక్కకి పిలిచి చెవిలో ఏదో అన్నాడు. బాలశౌరి చాలాసేపు తల అడ్డంగా ఊపి, చివరికి ఒప్పుకున్నాడు. వెనకచక్రం నేలకి అందకుండా బండిని ఇనప స్టాండు మీదికి ఎక్కించి, ఇంజను కదిలించి, చక్రం గాలిలో తిరిగేటట్టు చేశాడు. "ఊరికే కూచోండి. హారను తప్ప ఇంకేమీ ముట్టుకోకండి. నేను ఇక్కడే పట్టుకుని ఉంటాను" అన్నాడు.

ఆదిశేషయ్య ఎక్కాడు. ఇంజను హోరు, పొగ, గిర్రున తిరిగే చక్రం. లారీ ముల్లు అరవై దాటింది. ఆయన ఎదురుగాలికి కళ్ళు చికిలించి, ఉన్నచోటే ఎంతో దూరం వెళ్తున్నవాడిలా ముఖం పెట్టి, హారను మోగించాడు. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. అత్తగారు దిష్టి తీయడానికి ఉప్పు తెమ్మంది. అల్లుడికి అంత వైభవం ఎన్నడూ జరగలేదు.

హారను ఎవరు మోగించినా బాలశౌరికి పూనకం వస్తుంది. "ఇంకా గట్టిగా నొక్కండి, ఇదిగో ఇలా" అని ఒక చెయ్యి వదిలి ముందుకి వంగాడు. వెంకటకృష్ణారావు వెనక్కి వెళ్ళి వంగి చూశాడు. "అన్నగారూ, ఈ చక్రం నేలకి అందట్లేదండీ. ఈ ఇనపకాలు అడ్డమొస్తోంది." సాయం చేస్తున్నవాడిలా ఒక్క తోపు తోశాడు.

చక్రం నేలకి అందింది. బండి బాలశౌరి చేతిలోంచి ఊడిపోయి, పురోహితుడి పక్కనుంచి, గుమ్మడికాయల గుట్ట మీదుగా, విస్తళ్ళ దొంతరని చీల్చుకుంటూ, పందిరి అవతలున్న వరిగడ్డి వాములోకి దూసుకుపోయింది. బండి వాము అంచున ఆగింది. ఆదిశేషయ్య ఇంకొంచెం లోపలికి వెళ్ళి ఆగాడు.

అందరూ పరిగెత్తారు. అందరికంటే ముందు బాలశౌరి. అతను ఆదిశేషయ్య కాళ్ళు కనబడుతున్న వైపు చూడను కూడా చూడలేదు. బండిని లేవనెత్తి, పెట్రోలు తొట్టి తుడిచి, పగిలిన దీపం ముక్కలు ఒళ్ళో ఏరుకుంటూ, "అమ్మా, అమ్మా" అని ముక్కు చీదాడు. హనుమాయమ్మ వెళ్ళి మొగుణ్ణి గడ్డిలోంచి లాగి నిలబెట్టింది.

వెంకటకృష్ణారావు జనం వైపు తిరిగాడు. "ఇక ఏ సాక్ష్యాలూ అక్కర్లేదండీ. మా వదినగారు అన్నగారి దగ్గరికి పరిగెత్తింది, ఆ దొరగారు బండి దగ్గరికి పరిగెత్తాడు. ఎవరి సొత్తు వాళ్ళు చూసుకున్నారు."

జనం నవ్వడానికి నోళ్ళు తెరిచారు. చౌడేశ్వరమ్మ కొంగు వెతుక్కుంటోంది. ఆదిశేషయ్య గడ్డిపరకలతో, తల వంచుకుని నిలబడ్డాడు.

బాలశౌరి గిర్రున తిరిగాడు. కళ్ళనిండా నీళ్ళు, చేతినిండా గాజుముక్కలు.

"ఎవరి సొత్తండీ? నాదా? నాదైతే ఈ మనిషిని దీని ఛాయలకి రానిస్తానా? నాదైతే కాలవలోకి దింపి కుంకుడు రసం పెట్టి తలంటు పోస్తే చూస్తూ ఊరుకుంటానా? నాదైతే ఈపాటికి ఈయన పళ్ళు ఈయన చేతిలో ఉండేవి! ఈయనది కాబట్టే ఏం చేసినా అడిగే దిక్కులేకుండా పోయింది!"

తెరిచిన నోళ్ళు అలాగే ఆగిపోయాయి. అంత కోపంలో మనిషి అబద్ధం ఆడడని అందరికీ తెలుసు. ముందుగా తేరుకుంది చౌడేశ్వరమ్మ. "అంత ఖరీదైన బండి! దాన్ని లక్ష్యపెట్టకుండా గడ్డివాములోకి తోలేశాడమ్మా మా పెద్దల్లుడు," అంది పక్కావిడతో. ఆ గొంతులో భక్తి ఉంది. బావమరిది, ఇందాక బాలశౌరి కూచున్న వాలుకుర్చీ దులిపి, ఆదిశేషయ్య వెనక వేశాడు. వెంకటకృష్ణారావు ఏదో అనబోయాడు. కాని అతని అద్దెకారు వీధిచివర చెట్టునీడన ఉంది. దాని మీద గీత పడకూడదని పొద్దుటినుంచి ఓ మనిషిని కాపలా పెట్టింది అతనే.

ఆదిశేషయ్య కుర్చీలో కూచుని కాళ్ళు చాచాడు. "కొంచెం పానకం ఉంటే ఇటు పంపండి," అన్నాడు.

"ముందు ఆ ముఖం కడుక్కోండి," అంది హనుమాయమ్మ. కాని పానకం ఆవిడే తెచ్చింది.

అప్పటినుంచి ఆయన మోటారు సైకిలున్న మనిషి. ఒక్కరోజు కూడా నడపలేదు. "ఏనుగున్న రాజు ఏనుగుని తనే తోలతాడా?" అంటాడు. శివాలయం వీధి వాకిలి ఎండ, దుమ్ము బాలశౌరికి నచ్చకపోవడంతో బండి గుణదలలోనే ఉంటుంది. తెరేసమ్మ వసారాకి పెంకులు పడ్డాయి, పక్కనే బండికి పాక పడింది. బాలశౌరికి నెల జీతం. పగిలిన దీపం స్థానంలో అంతకంటే పెద్దది వచ్చింది. ఆ తర్వాత కాళ్ళు పెట్టుకునే చోట రబ్బరు చాపలు, వెనకాల ఎర్రగాజు దీపం కూడా వచ్చాయి. అన్నీ యజమాని ఖర్చు మీదే. ఆయన ధర అడుగుతాడు, "అంచు" అని గొణుగుతాడు, ఇస్తాడు. బాలశౌరి బండిని బాలశౌరి ఇంట్లో ఉంచి, బాలశౌరి నడపడానికి ఆదిశేషయ్య డబ్బిస్తున్నాడని ఈ బేరం గురించి హనుమాయమ్మ అంటుంది. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు.

వారం వారం వాళ్ళిద్దరూ నేతపల్లెలకి బయల్దేరుతారు. వీధిలో జనం లేచి, ఆ ఖాకీనీ ఆ బూట్లనీ చూసి బాలశౌరికి నమస్కారం పెడతారు. అతని రెండు చేతులూ హాండిలు మీదుంటాయి. వెనక స్ప్రింగుల మీద ఎగిరెగిరి పడుతున్న ఆదిశేషయ్య, ఒక చేత్తో అతని భుజం పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి, ఆ నమస్కారాలన్నీ ఒక్కటి కూడా పోనివ్వకుండా అందుకుంటాడు.